పెనుగొండ నేలిన వేంకటపతి దేవరాయలు

బుక్కపట్నపు చెఱువుకట్ట నెఱిగినవారికి విజయనగర ప్రభువుల కథ పరాయిది కాదు. మన పొరుగుననున్న పెనుగొండ ఒకప్పుడు ఆ సామ్రాజ్యమునకు రాజధాని. 1565లో రాక్షసి తంగడి యుద్ధమున అళియ రామరాయలు కూలగా, ఆయన తమ్ముడు తిరుమలరాయలు ఈ కొండను ఆశ్రయించెను. ఆ తిరుమలరాయల కుమారుడే వేంకటపతి దేవరాయలు. అన్నగారైన శ్రీరంగరాయలు సంతానహీనుడై గతింపగా 1586లో ఈయన రాజ్యభారము వహించెను.

వెలుపల సుల్తానుల దాడులు, లోపల నాయకుల ధిక్కారములు. గోలకొండ ప్రభువగు మహమ్మద్ కులీ కుతుబ్ షా స్వయముగా వచ్చి పెనుగొండను ముట్టడించెను. రాయలు సంధి మాటలతో కొంత వ్యవధి సంపాదించి, ఆ లోపల కోటలోనికి ధాన్యమును, సైన్యమును చేర్చుకొనెను. జగదేవరాయలు మొదలగు వీరులు ప్రాణములకు తెగించి పోరిరి. కృష్ణానది పొంగినచో తిరుగుదారి మూసికొనిపోవునను భయముతో శత్రువులు మరలిపోయిరి. జగదేవరాయలకు చెన్నపట్నపు సీమ బహుమానముగా లభించెను.

పిమ్మట రాయలు రాజధానిని తిరుమల కొండకు చేరువనున్న చంద్రగిరికి, తరువాత వేలూరునకు మార్చెను. పూర్వరాజులు దానశాసనముల తుదిని శ్రీ విరూపాక్ష నామముతో వ్రాలు చేయుచుండగా, ఈయన శాసనములలో శ్రీ వేంకటేశ నామము వెలసెను. బంగారు నాణెముల మీదను ఆ స్వామి నామమే. కాంచీపురమునందలి తాతాచార్యుల వారు ఆయనకు ఆచార్యులు. ఇంతటి పరమవైష్ణవుడయ్యు, అన్యమతస్థులైన జెస్యూటు ఫాదరులను తన కొలువున ఆదరించెను.

ఒక్క చింత మాత్రము ఆయనను విడువలేదు. పుత్రసంతానము లేదు. ఒక రాణి ఒక బాలుని తన బిడ్డయని పెంచుచుండగా, రాయలు ఆ చిక్కును చిరకాలము తెంపలేకపోయెను. 1614లో అంత్యకాలమున అన్న కుమారుడైన శ్రీరంగరాయలకు రాజ్యము నప్పగించెను గాని అప్పటికే ఆలస్యమైనది. జగ్గరాయలు ఆ కొత్తరాజును కుటుంబముతో కూడ వధింపించెను. అంతర్యుద్ధము చెలరేగి, రాయలు ఇరువదియెనిమిదేండ్లు కాపాడిన రాజ్యము మరల కోలుకొనలేదు. భగవద్భక్తి ఎంతటిదైనను గృహస్థునకు గాని, రాజునకు గాని తన వెనుకటివారి విషయమై చేయవలసిన నిర్ణయమును సకాలమున చేయుట తప్పదని ఈ చరిత్ర బోధించుచున్నది.

తిరుమల ఆలయమున శ్రీకృష్ణదేవరాయల విగ్రహమున్న మంటపమునందే వేంకటపతిరాయల రాగి ప్రతిమయు చేతులు జోడించి నిలిచియున్నది. పెనుగొండ కోట శిథిలమైనది, వేలూరు సింహాసనము పోయినది, ఆ అంజలి మాత్రము నిలిచినది. స్వామి దర్శనమునకేగు మన సీమ యాత్రికులు ఒక్క క్షణమాగి, ఒకనాడు మన కొండను కాచిన ఆ ప్రభువును స్మరింతురు గాక.