క్రిస్మస్‌ను కాదన్న న్యాయమూర్తి

డిసెంబరు మాసం ప్రవేశించగానే క్రైస్తవ కుటుంబాలలో ఒక పాత చర్చ మళ్లీ తలెత్తుతుంది. క్రీస్తు జన్మించిన తేదీ బైబిలులో ఎక్కడా లేదు. ఆ దినాన్ని ఆచరించమన్న ఆజ్ఞ కూడా లేదు. డిసెంబరు 25 రోమీయుల అన్యదేవతా పండుగల నుండి వచ్చిందని కొందరంటారు. దానికి తోడు, పండుగ నేడు అంగడి సరుకుగా మారిపోయింది. అటువంటప్పుడు విశ్వాసి దానిని ఆచరించడం తగునా? తెలుగు క్రైస్తవులలో సైతం ఈ కారణాల చేతనే ఆ దినాన్ని ప్రత్యేకంగా పాటించని సహవాసాలు ఉన్నాయి. మూడు శతాబ్దాలకు పూర్వం ఈ ప్రశ్నకు నిస్సందేహంగా తగదని జవాబు చెప్పి, జీవితాంతం ఆ మాటపై నిలబడిన వ్యక్తి శామ్యూల్ సీవాల్. అమెరికా చరిత్రలో ఆయన పేరు రెండు విషయాలకు ప్రసిద్ధం. ఒకటి ఆయన చేసిన ఘోరమైన తప్పు, రెండవది ఆ తప్పును పదిమంది ఎదుట ఒప్పుకున్న ధైర్యం.

సీవాల్ 1652 మార్చి 28న ఇంగ్లండులోని హాంప్‌షైర్ ప్రాంతంలో బిషప్‌స్టోక్ అనే గ్రామంలో జన్మించాడు. ఆయన పుట్టుకకు ఐదేళ్ల ముందే, 1647లో, ప్యూరిటన్ల ఆధిపత్యంలో ఉన్న ఇంగ్లండు పార్లమెంటు క్రిస్మస్, ఈస్టర్ పండుగలను రద్దు చేసింది. 1660లో రాజరికం తిరిగి వచ్చింది, దానితో పాటు పండుగా తిరిగి వచ్చింది. మరుసటి సంవత్సరం, తొమ్మిదేళ్ల ప్రాయంలో, సీవాల్ తల్లి వెంట అట్లాంటిక్ మహాసముద్రం దాటి మసాచుసెట్స్ వలస రాజ్యానికి చేరుకున్నాడు. అక్కడ పండుగ తిరిగి రాలేదు. 1659లో చేసిన చట్టం ప్రకారం, డిసెంబరు 25న పని మానినా, విందు చేసినా ఐదు షిల్లింగుల జరిమానా చెల్లించవలసి ఉండేది.

ప్యూరిటన్ల అభ్యంతరాలు తేలికగా కొట్టివేయదగినవి కావు. దేవుడు వారానికి ఒక దినాన్ని తనకోసం ప్రత్యేకించాడని, ఆయన చెప్పని మరొక పవిత్ర దినాన్ని కల్పించే అధికారం మనుషులకు లేదని వారి ప్రధాన వాదం. ఆనాటి ఇంగ్లండులో క్రిస్మస్ అంటే పన్నెండు రోజుల పాటు తాగుడు, జూదం, వేషాలు, ఇంటింటికీ తిరిగి మద్యం కోసం చేసే అల్లరి. అది క్రీస్తు పేరిట జరుగుతూ ఉండడం వారికి మరింత బాధ కలిగించింది. బోస్టన్ నగరపు ప్రముఖ బోధకుడు ఇంక్రీజ్ మాథర్ 1687లో ప్రచురించిన గ్రంథంలో, రోమీయుల సాటర్నేలియా పండుగను క్రైస్తవ పండుగగా మార్చుకున్నారే తప్ప క్రీస్తు ఆనాడు జన్మించాడన్న ఆధారం ఏదీ లేదని వాదించాడు. సీవాల్ ఇదే బోధ నడుమ పెరిగాడు.

1671లో హార్వర్డ్ కళాశాల నుండి పట్టభద్రుడైన సీవాల్ మొదట బోధకుడు కావాలనుకున్నాడు. అయితే 1676లో బోస్టన్ టంకశాల అధిపతి జాన్ హల్ ఏకైక కుమార్తె హన్నాను వివాహమాడిన తరువాత ఆయన జీవితం వ్యాపారం వైపు, ప్రభుత్వ పదవుల వైపు మళ్లింది. ఓడల మీద సరుకు ఎగుమతి దిగుమతులు చేశాడు. కొంతకాలం వలస రాజ్యపు ముద్రణాలయ నిర్వహణ చూశాడు. ఇవన్నీ చేస్తూనే యాభై ఏళ్లకు పైగా దినచర్య రాసుకున్నాడు. పెళ్లిళ్లు, చావులు, వాతావరణం, ప్రసంగాలు, విందులు అన్నీ అందులో చోటు చేసుకున్నాయి. డిసెంబరు 25 వచ్చినప్పుడల్లా ఆయన ప్రత్యేకించి గమనించి రాసుకున్న విషయం ఒకటుంది. అది దుకాణాలు తెరిచి ఉన్నాయా లేదా అన్నది.

1681లో ఇంగ్లండు ఒత్తిడి మూలంగా జరిమానా చట్టం రద్దయింది. నాటి నుండి ఎవరికి ఇష్టమైతే వారు పండుగ చేసుకోవచ్చు. ప్రజలు ఏ పక్షాన ఉన్నారో తెలుసుకోవాలంటే వీధిలోకి వెళ్లి చూడడమే మార్గం. 1685 డిసెంబరు 22న సీవాల్ దంపతుల పసికందు హెన్రీ రెండు వారాల వయసులో కన్నుమూశాడు. 24న ఖననం జరిగింది. ఆ మరునాడే సీవాల్ తన దినచర్యలో, పల్లెల నుండి బండ్లు ఎప్పటిలాగే పట్నానికి వచ్చాయని, దుకాణాలు తెరిచే ఉన్నాయని, పండుగ ఆచరించమని బలవంతం చేసే అధికారం ఇంకా ఎవరికీ రానందుకు దేవునికి స్తోత్రమని రాసుకున్నాడు. మరుసటి ఏడాది ఇంగ్లండు రాజు పంపిన గవర్నర్ ఎడ్మండ్ ఆండ్రోస్ బోస్టన్‌లో అడుగుపెట్టి, ఎర్రకోటు సైనికుణ్ణి పక్కన ఉంచుకుని క్రిస్మస్ ఆరాధనకు వెళ్లాడు. ఆనాడు సైతం సీవాల్ దృష్టి దుకాణాల మీదనే ఉంది. అవి తెరిచే ఉన్నాయి. తెరిచిన దుకాణం ఆయన దృష్టిలో లాభాపేక్షకు గుర్తు కాదు. అది మనస్సాక్షి స్వాతంత్ర్యానికి గుర్తు.

ఇంతటి నిష్ఠాపరుడు 1692లో ఘోరమైన అన్యాయంలో భాగస్వామి అయ్యాడు. మసాచుసెట్స్‌లోని సేలం ప్రాంతంలో (ఇది మన తమిళనాడు సేలం కాదు) కొందరు బాలికలు వింత మూర్ఛలతో బాధపడుతూ, తమను ఫలానావారు మంత్రవిద్యతో హింసిస్తున్నారని ఆరోపించారు. విచారణకు గవర్నర్ విలియం ఫిప్స్ నియమించిన తొమ్మిదిమంది న్యాయమూర్తులలో సీవాల్ ఒకడు. నిందితుల ఆకారం తమకు మాత్రమే కనిపించిందన్న మాటలను సైతం న్యాయస్థానం సాక్ష్యంగా స్వీకరించింది. పందొమ్మిదిమందిని ఉరితీశారు. వాదానికి ఒప్పుకోని ఒక వృద్ధుణ్ణి బరువైన రాళ్ల కింద నొక్కి చంపారు. కొద్ది నెలలలోనే ఆ న్యాయస్థానం రద్దయినా, పోయిన ప్రాణాలు తిరిగి రాలేదు. న్యాయమూర్తులు మౌనం వహించారు.

సీవాల్ మౌనాన్ని నాలుగేళ్ల తరువాత ఛేదించింది డిసెంబరు నెలలోని ఒక వారం. 1696 మే నెలలో హన్నాకు మృతశిశువు జన్మించింది. డిసెంబరు 23న రెండేళ్ల కుమార్తె శారా మరణించింది. ఆ శోకంలో మునిగిన ఇంట్లో, 24న, పెద్ద కుమారుడు తండ్రి ఎదుట మత్తయి సువార్త పన్నెండవ అధ్యాయంలోని కొన్ని వచనాలను లాటిన్‌లో చదివాడు. దేవుడు బలిని కాక కనికరాన్ని కోరుతున్నాడని, ఆ సంగతి గ్రహించి ఉంటే నిర్దోషులకు శిక్ష విధించి ఉండేవారు కారని క్రీస్తు పరిసయ్యులకు చెప్పిన మాట అక్కడే ఉంది. ఆ వచనం సేలం ఉదంతాన్ని భయంకరంగా గుర్తుకు తెచ్చిందని సీవాల్ రాసుకున్నాడు. మరునాడు, డిసెంబరు 25న, చిన్నారి శారాను సమాధి చేశారు. ఆనాటి మధ్యాహ్నం ఆయన కుటుంబ సమాధిగదిలోకి దిగి, అత్తమామల శవపేటికల నడుమ, తన ఆరుగురు బిడ్డల శవపేటికల నడుమ కొంతసేపు గడిపాడు.

మూడు వారాలైనా గడవక ముందే, 1697 జనవరి 14న, సేలం ఉదంతం కారణంగా వలస రాజ్యమంతటా ఉపవాస దినం పాటించారు. బోస్టన్ దక్షిణ సంఘ మందిరంలో బోధకుడు శామ్యూల్ విల్లార్డ్ తన పక్కగా వెళుతుండగా సీవాల్ ఒక కాగితం ఆయన చేతికిచ్చి లేచి నిలబడ్డాడు. సేలం విచారణలోని నిందను, అవమానాన్ని తన మీద వేసుకుంటున్నానని, దేవుని క్షమాపణను, మనుషుల క్షమాపణను కోరుతున్నానని అందులో ఉంది. బోధకుడు చదివినంతసేపు సీవాల్ సభ ఎదుట నిలబడే ఉన్నాడు. ముగిసిన తరువాత తలవంచాడు. తొమ్మిదిమంది న్యాయమూర్తులలో ఈ విధంగా బహిరంగంగా పశ్చాత్తాపపడినవాడు ఆయన ఒక్కడే.

ఇంత జరిగినా క్రిస్మస్ విషయంలో ఆయన అభిప్రాయం మారలేదు. అదే సంవత్సరం డిసెంబరు 25న మంచు కురుస్తున్నా బండ్లు కట్టెలతో, పశుగ్రాసంతో పట్నానికి వచ్చాయని, దుకాణాలు తెరిచి ఉన్నాయని యథాప్రకారం నమోదు చేశాడు. ఆ ఉదయం కుటుంబ ప్రార్థనలో వరుస క్రమంలో వచ్చిన కీర్తనలు చదివి, పండుగ ఆచరించవద్దని ఇంటివారిని హెచ్చరించాడు.

అయితే బజారు తెరిచి ఉండడాన్ని మెచ్చుకున్న ఈ వర్తకుడే, బజారుకు ఎక్కరానిది ఒకటి ఉందని 1700లో ప్రకటించాడు. ఆ ఏడాది ఆయన యోసేపు విక్రయం గురించి ఒక చిన్న పుస్తకాన్ని ప్రచురించాడు. అది నిండా మూడు పుటలే. ఇరవై వెండి నాణేలకు సోదరులు యోసేపును అమ్మివేసిన బైబిలు కథను ఆధారం చేసుకుని, ఆఫ్రికా ప్రజలను బానిసలుగా కొనడం, అమ్మడం అధర్మమని ఆయన వాదించాడు. మనుషులందరూ ఆదాము సంతానమే గనుక స్వాతంత్ర్యం అందరికీ సమాన హక్కు అన్నాడు. న్యూ ఇంగ్లండులో బానిసత్వానికి వ్యతిరేకంగా అచ్చయిన మొట్టమొదటి రచనగా దానిని పేర్కొంటారు. సాటి సంపన్నులు ఆయనను విమర్శించారు. మరుసటి సంవత్సరమే మరొక న్యాయమూర్తి దానికి ఖండనగా వేరొక పుస్తకం వెలువరించాడు. సీవాల్ మాత్రం తన మాట వెనక్కి తీసుకోలేదు.

1718లో ఆయన మసాచుసెట్స్ ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. 1722 డిసెంబరులో గవర్నర్ శామ్యూల్ ష్యూట్ ఆయనను పక్కకు పిలిచి, క్రిస్మస్ కారణంగా శాసనసభను వాయిదా వేసే విషయం కదిపాడు. అప్పటికి డెబ్బై ఏళ్ల వృద్ధుడైన సీవాల్ వాయిదా వేయకపోవడమే మంచిదని జవాబు చెప్పాడు. ఆచరించదలచినవారు ఆచరించుకోవచ్చు గానీ, ఆచరించనివారి పనిని ఆపించడం న్యాయం కాదన్నది ఆయన భావన. 1728లో పదవి నుండి వైదొలగి, 1730 జనవరి 1న బోస్టన్‌లో కన్నుమూశాడు.

సీవాల్ గతించిన తరువాత కాలం ఒక విచిత్రమైన మలుపు తిరిగింది. ఆయన మరణించిన 126 ఏళ్లకు, 1856లో, అదే మసాచుసెట్స్ క్రిస్మస్‌ను అధికారిక సెలవుదినంగా ప్రకటించింది. పందొమ్మిదవ శతాబ్దంలో అమెరికా నగరాలలో బహుమతుల వ్యాపారం విస్తరించి, పండుగ మాసం వర్తకులకు ఏడాదిలోనే ముఖ్యమైన కాలమయింది. సీవాల్ కాలంలో తెరిచిన దుకాణం క్రిస్మస్‌ను కాదనడానికి చిహ్నం. తరువాతి కాలంలో అర్ధరాత్రి దాకా తెరిచిన దుకాణమే క్రిస్మస్‌కు చిహ్నమైంది. పండుగను నిషేధించినవారి భయం ఒక విధంగా నిజమైంది. కానీ ఆ భయం నిజమైంది వారు కాపాడుకున్న బజారు చేతనే.

ఇక తేదీ విషయం. రోమ్ చక్రవర్తి ఆరేలియన్ 274లో సూర్యదేవునికి ఆలయం ప్రతిష్ఠించాడు. 354 నాటి ఒక రోమన్ పంచాంగంలో డిసెంబరు 25న సూర్యోత్సవమూ ఉంది, క్రీస్తు జననమూ ఉంది. అందుచేత క్రైస్తవులు సూర్యుని పండుగను తమదిగా మార్చుకున్నారని చాలామంది పండితుల అభిప్రాయం. అలా కాదని, క్రీస్తు గర్భస్థుడైన దినం మార్చి 25 అని లెక్కించి, దానికి తొమ్మిది నెలలు కలిపి క్రైస్తవులే ఈ తేదీకి చేరారని వాదించే పండితులూ ఉన్నారు. సాటర్నేలియా డిసెంబరు 17న మొదలయ్యేది గనుక మాథర్ చెప్పినంత సూటిగా ఆ సంబంధం కుదరదు. తేదీ పుట్టుకను బట్టి పండుగ ధర్మమా, అధర్మమా అన్నది తేల్చడం అంత సులభం కాదు.

ఒకడు ఒక దినాన్ని ప్రత్యేకంగా ఎంచుతాడు, మరొకడు అన్ని దినాలనూ సమానంగా ఎంచుతాడు, ఎవరి మనస్సులో వారు రూఢిపరచుకోవాలని అపొస్తలుడైన పౌలు రోమా సంఘానికి బోధించాడు. సీవాల్ రెండవ కోవకు చెందినవాడు. ఆ నిర్ణయాన్ని ఆయన నిజాయితీగా పాటించాడు. అయినా, క్రిస్మస్ సందేశమని సంఘాలు చెప్పుకునే కనికరం ఆయన హృదయాన్ని తాకింది సరిగ్గా ఆ రోజులలోనే. ఏ అలంకారమూ లేని ఇంట్లో ఒక వచనం, ఒక చిన్న శవపేటిక ఆయన చేత ఒప్పుకోలు పలికించాయి. బానిసల పక్షాన కలం పట్టింది కూడా అలా మెత్తబడిన మనిషే.

ఈ జీవితం పండుగ చేసుకునేవారికి, చేసుకోనివారికి సమానంగా ప్రశ్న వేస్తుంది. ఆచరించనివారు, దినాన్ని నిరాకరించినంత మాత్రాన కనికరం చూపవలసిన బాధ్యత తీరిపోదని గుర్తించాలి. సీవాల్ సేలం న్యాయపీఠం మీద కూర్చున్ననాటికి క్రిస్మస్‌ను ఆచరించేవాడు కాదు, అయినా నిర్దోషుల ప్రాణాలు పోయాయి. ఆచరించేవారు, ఇంటికి తెచ్చుకున్న సరుకుల పట్టికలో తాము అన్యాయం చేసినవారి పేరు ఒక్కటైనా ఉందా అని చూసుకోవాలి. క్షమాపణ అడగడానికి సీవాల్‌కు అయిన ఖర్చు ఒక్క కాగితం, నిలబడిన కొద్ది నిమిషాలు, లోకం దృష్టిలో తన పరువు. ఆ మూడింటిలో చివరిది ఇవ్వడానికి సిద్ధపడినవారు డిసెంబరు 25ను ఆచరించినా, ఆచరించకపోయినా, బేత్లెహేములో పుట్టినవానికి దూరంగా లేరు.