గాజుల లక్ష్మీనరసు శ్రేష్ఠిగారు

ధనము పరోపకారమునకును, వాక్కు సత్యమునకును వినియోగపడిననే సార్థకములగునని మన పెద్దల మతము. ఈ రెంటిని నొక్క జన్మమునందే సార్థకము గావించుకొనిన మహనీయుడు గాజుల లక్ష్మీనరసు శ్రేష్ఠిగారు. వార్షిక మహాసభకు విచ్చేసిన సోదరులకును, సంఘపోషకులకును వారి చరిత్రమును సంగ్రహముగ నివేదించుచున్నాము.

వీరు 1806వ సంవత్సరమున చెన్నపట్టణమునందు నొక తెలుగు వర్తక కుటుంబమున జన్మించిరి. తండ్రిగారగు సిద్ధులు శ్రేష్ఠిగారు నీలిమందు వ్యాపారమున పేరుగాంచినవారు. కుమారుడును వర్తకముననే ప్రవేశించి విశేషముగ ధనమార్జించిరి. అంతటితో తృప్తినొందియుండినచో నేడు వారిని స్మరించువా రుండరు. 1844లో వీరు క్రెసెంటు అను నాంగ్లపత్రికను నెలకొల్పిరి. ప్రభుత్వమువారు తమ గెజెటులో దాని ప్రకటనకైనను చోటొసగరైరి. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషను అను సంఘమును స్థాపించి, ప్రజల కష్టములను పార్లమెంటునకు మహజరు మూలమున విన్నవించిరి.

ఆ కాలమున కుంపిణీవారి యేలుబడిలో శిస్తు వసూలు చేసిన విధము తలచుకొనిన నేటికిని గుండె కలుక్కుమనును. శిస్తు చెల్లింపలేని రైతును మండుటెండలో వంగబెట్టి వీపుపై రాయి మోపుదురు. కిట్టి యను కొయ్య పట్టకారులో వ్రేళ్ళు బిగింతురు. మెడను కాళ్ళకు త్రాట గట్టి నిలిపియుంచుదురు. శిస్తు వసూలును, పోలీసు అధికారమును నొక్కరి చేతనే యుండుటచే, బాధించినవానికడకే పోయి మొరపెట్టుకొనవలసివచ్చెను. సీమలోని దొరలకు శిస్తు లెక్కలు చేరినవి గాని రైతుల మూలుగులు చేరలేదు.

1853లో పార్లమెంటు సభ్యుడగు డాన్బీ సేమరు దొరగారు చెన్నపట్టణమునకు రాగా, శ్రేష్ఠిగారు వారిని దక్షిణ జిల్లాలకు దోడ్కొనిపోయి రైతుల గోడును రైతుల నోటనే వినిపించిరి. మరుసటి యేడు పార్లమెంటున నీ విషయము చర్చకు వచ్చెను. ఇలియటు, స్టోక్సు, నార్టను దొరలతో విచారణసంఘ మేర్పడెను. నూర్లకొలది మైళ్ళు ప్రయాణముచేసి వచ్చి సాక్ష్యమిచ్చినవారును గలరు. సంఘమునకు చేరిన ఫిర్యాదులు 1,959. హింస నిజమేయని 1855లో ఆ సంఘమువారే యంగీకరించిరి. 1859లో పోలీసుశాఖ శిస్తుశాఖనుండి వేరుచేయబడెను.

విచారణసంఘమువారు నేరమును దేశీయోద్యోగులపై మోపి దొరలను విడిచిపుచ్చిరి. శిస్తు బరువును మోపినవారు నిర్దోషులనుట న్యాయము కాదు. అయినను కిట్టి బిగించిన చేతులు మనదేశీయులవే యనుట మనము సిగ్గుతో నొప్పుకొనవలసిన సత్యము. పైవారి యాజ్ఞయని చెప్పికొనుట దానికి ప్రాయశ్చిత్తము కాజాలదు.

పిమ్మట ప్రభుత్వమువారే శ్రేష్ఠిగారిని గౌరవించి, 1863లో చెన్నపట్టణ శాసనసభకు సభ్యునిగా నియమించిరి. కాని ప్రజాకార్యములకై వెచ్చించిన ధనము మరల చేకూరలేదు. 1868లో వారు పేదరికముననే కాలధర్మము నొందిరి.

సోదరులారా! శ్రేష్ఠిగారు శిస్తు చెల్లింపలేని రైతు కారు. వారి వీపుపై నెవరును రాయి మోపలేదు. అయినను మోయువారి పక్షమున వారు నోరు విప్పిరి. మన సభలలో మన కష్టములను మనము చెప్పుకొనుచున్నాము, అది యుచితమే. తమ మాట చెల్లని పరులకొరకును మన సభలో నొక మాట పుట్టిననాడే యీ మహనీయుని చరిత్రము చదివిన ఫలము దక్కునని మేము విన్నవించుచున్నాము.