ఆశ్రమము వీడినను వీడని వ్రతము: అమరజీవి పొట్టి శ్రీరాములుగారు

శ్రీరాములుగారు 1901లో చెన్నపట్టణమున జన్మించిరి. బొంబాయిలో పారిశుద్ధ్య ఇంజనీరింగు చదివి రైల్వేలో ఉద్యోగము చేయుచుండగా భార్యయు, పసిబిడ్డయు మరణించిరి. అంతట ఉద్యోగము విడిచి గాంధీజీ సబర్మతీ ఆశ్రమమున చేరిరి. ప్రార్థన, రాట్నము, శరీరశ్రమ అచటి నిత్యవిధులు.

ఆశ్రమము వీడివచ్చినవారికి సంసారుల నడుమ ఆ నియమములు నిలుపుకొనుట కష్టము. శ్రీరాములుగారికి నెల్లూరు వీధులే ఆశ్రమమయ్యెను. 1946లో మూలాపేట వేణుగోపాలస్వామి ఆలయమున దళితుల ప్రవేశమునకై నిరశనవ్రతము పూనిరి, ద్వారములు తెరువబడెను. పిమ్మట దళితోద్ధరణ నినాదముల అట్టలు ధరించి, చెప్పులు, గొడుగు లేక మండుటెండలో తిరిగిరి. పిచ్చివాడన్నవారును గలరు, ఆయన మానలేదు.

1952లో ఆంధ్రరాష్ట్రమునకై మదరాసున 58 దినములు ఉపవసించి, డిసెంబరు 15న అసువులు బాసిరి. 2008లో మన జిల్లాకు ఆయన నామము చేర్చబడెను. ఆశ్రమమున నేర్చిన నియమమునకు వీధియే పరీక్షాస్థలమని ఆయన జీవితము మనకు తెలుపుచున్నది.