దొరల లెక్కలో బందిపోటు

1939లో హాలీవుడ్‌లో ‘జెస్సీ జేమ్స్’ అని ఒక వెస్టర్న్ వచ్చింది. రైల్వే కంపెనీ మనుషులు రైతుల పొలాలు కారుచౌకగా లాక్కుంటుంటే హీరో తుపాకీ పడతాడు. చూస్తున్నంతసేపూ న్యాయం అతని వైపే ఉందనిపిస్తుంది. అసలు జెస్సీ బ్యాంకులూ రైళ్లూ దోచినవాడు. అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని కాపాడే పక్షాన తుపాకీ పట్టినవాడు. అతను పుట్టింది 1847లో. అదే ఏడు ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో కుంపిణీవాళ్లు మన నరసింహారెడ్డిని జనం చూస్తుండగా ఉరితీశారు.

ఊరు ఉయ్యాలవాడ. తాత జయరామిరెడ్డి నొస్సం పాలెగాడు. 1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి రాసిచ్చాక, మన్రో పాలెగాళ్ల అధికారం తీసేసి భరణాలతో సరిపెట్టాడు. తాత పోయాక ఆ భరణమూ ఆగిపోయింది. నరసింహారెడ్డికి నెలకు దక్కింది పదకొండు రూపాయల చిల్లర.

కడుపు మండింది ఆయనకొక్కడికే కాదు. ఊళ్లకు కాపలా కాసే కట్టుబడులకు జీతం బదులు మాన్యం భూములుండేవి. వాటినీ సర్కారు వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టింది. భూమి పోతుందన్న భయంతో వాళ్లు రెడ్డి వెనక నడిచారు. ఆయనకు కుడిభుజంగా వడ్డె ఓబన్న పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు.

1846 జులైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. తర్వాత నల్లమల దాటి మన గిద్దలూరు వైపు వచ్చారు. అక్కడ లెఫ్టినెంట్ వాట్సన్ దళంతో పోరు జరిగింది. కుంపిణీ ఆయన తలకు వెల కట్టింది. అక్టోబరులో పట్టుకున్నారు. ఆయనతోపాటు వందమందికి పైగా శిక్షలు పడ్డాయి. ఉరి తర్వాత తలను కోట గుమ్మానికి కట్టి, 1877 దాకా అలాగే ఉంచారు. ముప్పయ్యేళ్లు!

2019లో వచ్చిన ‘సైరా’ ఆయన్ని దేశం కోసం పోరాడిన తొలి వీరుడిగా చూపించింది. ఆ సినిమాకి మనమూ విజిల్స్ వేశాం, తప్పేం లేదు. కానీ భరణం, మాన్యం సంగతి పక్కనపెడితే ఆయన చిన్నబోతాడా? నాకైతే అలా అనిపించదు. జెస్సీ కథలో సినిమా పొలం గొడవను తెచ్చి అతికించింది. మన కథలో పొలం గొడవ మొదటినుంచీ ఉంది. దాన్ని దాచాల్సిన పని లేదు. భూమి పోయిన కట్టుబడి ఎందుకు కత్తి పట్టాడో తెలిస్తేనే, రెడ్డి వెనక అంతమంది ఎందుకు నడిచారో అర్థమవుతుంది. ఆ వందమందికీ ఇళ్లున్నాయి, పిల్లలున్నారు. వాళ్ల మీద ఇంకా ఏ సినిమా రాలేదు.