ఊరి కంటే ముందు వంతెన కట్టిన మల్కిభరాముడు

గల్ఫ్‌లో, మలేషియాలో పనిచేస్తున్న మనలో చాలామంది విమానం ఎక్కింది హైదరాబాద్ నుంచే. సెలవు మీద వెళ్లిన ప్రతిసారీ అక్కడ ఏదో ఒక కొత్త ఫ్లైఓవర్ కనిపిస్తుంది. ఊరు పెరుగుతుంది, దారులు ఇరుకవుతాయి, అప్పుడు వంతెన కడతారు. మనకు తెలిసిన వరస ఇదే. కానీ హైదరాబాద్‌లో అన్నిటికంటే పాత వంతెన కథ దీనికి తలకిందులు. అక్కడ వంతెన ముందు వచ్చింది, ఊరు తర్వాత పుట్టింది. ఆ వంతెన కట్టించింది గోల్కొండను ఏలిన ఇబ్రహీం కులీ కుతుబ్ షా. మన తెలుగు కవుల నోట ఆయన మల్కిభరాముడు.

పరాయి చోట ఏడేళ్లు

ఆయన బతుకు కూడా మనలాగే వలసతోనే మలుపు తిరిగింది. 1543లో తండ్రి సుల్తాన్ కులీ హత్యకు గురయ్యాడు. చేయించింది సొంత అన్న జంషీద్. ఇబ్రహీం ప్రాణాలు దక్కించుకుని ముందు బీదరుకు, అక్కడి నుంచి విజయనగరానికి వెళ్లాడు. అళియ రామరాయలు ఆయన్ను ఆదరించి దగ్గర పెట్టుకున్నాడు. అక్కడున్న ఏడేళ్లలో తెలుగు మీద ఇబ్రహీంకు మమకారం కలిగింది.

1550లో జంషీద్ చనిపోయాక తిరిగొచ్చి గద్దెనెక్కాడు. వచ్చాక తెలుగును మర్చిపోలేదు. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. పటాన్‌చెరులో ఉన్న ఆయన అధికారి అమీన్‌ఖాన్‌కు పొన్నగంటి తెలగనార్యుడు యయాతి చరిత్రను అంకితమిచ్చాడు. సంస్కృతం కలవని అచ్చతెలుగులో వచ్చిన మొదటి కావ్యం అదే.

అయితే ఇదంతా మంచి కథే అనుకోలేం. 1565లో దక్కను సుల్తానులు కలిసి విజయనగరం మీదికి వెళ్లినప్పుడు ఇబ్రహీం కూడా వాళ్ల పక్షాన్నే ఉన్నాడు. ఆ యుద్ధంలోనే రామరాయలు చనిపోయాడు. నిలువ నీడ ఇచ్చినవాడి మీదే కత్తి కట్టాడన్న మాట ఇబ్రహీం పేరును వదల్లేదు.

కోటలో ఇరుకు, నీటికి కటకట

ఆయన కాలంలో గోల్కొండ బాగా పెరిగింది. వజ్రాల వ్యాపారులు, సిపాయిలు, చేతిపనివాళ్లు, ఇరాన్ నుంచి వచ్చినవాళ్లు అందరూ ఆ గోడల మధ్యకే చేరారు. ఇళ్లకు చోటు చాల్లేదు, నీళ్లు చాల్లేదు. ఇబ్రహీం ముందు నీటి సంగతి చూశాడు. హుస్సేన్‌సాగర్ తవ్వించింది ఆయన హయాంలోనే, 1560ల మొదట్లో.

మిగిలింది చోటు. గోల్కొండ మూసీకి ఉత్తరాన ఉంది. దక్షిణాన కావలసినంత ఖాళీ నేల ఉంది. మచిలీపట్నం రేవుకు పోయే బాట కూడా అటువైపే. ఎడ్ల బండ్లు, ఒంటెలు, గుర్రాలు అన్నీ ఏరు దాటాల్సిందే. వానాకాలం మూసీ పొంగిందంటే ఎక్కడివాళ్లు అక్కడే ఆగిపోవాలి.

అందుకే 1578లో రాతి వంతెన లేచింది. 22 కమానులు, సుమారు 600 అడుగుల పొడవు, 35 అడుగుల వెడల్పు. గోల్కొండ నుంచి కార్వాన్ మీదుగా వచ్చే దారి సరాసరి దాని మీదికే ఎక్కుతుంది. అవతల అప్పటికి చార్మినార్ లేదు, హైదరాబాద్ అన్న పేరే లేదు.

యువరాజు ప్రేమ కోసమా?

కొడుకు మహమ్మద్ కులీ తన ప్రేయసి భాగమతిని చూడ్డానికి వరదలో ఏరు దాటాడని, ఆ సాహసం చూసి భయపడ్డ తండ్రి వంతెన కట్టించాడని జనం చెప్పుకుంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ 1578 నాటికి ఆ కొడుక్కి పన్నెండు, పదమూడేళ్లు. ఇరుకు తీరాలి, వ్యాపారం సాగాలి, ఊరు నది దాటాలి. వంతెనకు ఈ అవసరాలే చాలు.

కట్టించినవాడు చూడని నగరం

వంతెన పూర్తయిన రెండేళ్లకే, 1580లో ఇబ్రహీం కన్నుమూశాడు. మహమ్మద్ కులీ రాజయ్యాడు. 1591లో నది అవతల చార్మినార్ లేచింది, చుట్టూ హైదరాబాద్ పుట్టింది. ఆ నగరానికి రూపం ఇచ్చిన మీర్ మోమిన్ కూడా ఇరాన్‌లోని అస్తరాబాద్ నుంచి వలస వచ్చినవాడే. పదిహేడో శతాబ్దంలో వజ్రాల కోసం వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఈ వంతెనను చూసి, అందంలో ప్యారిస్ వంతెనకు పెద్దగా తీసిపోదని రాశాడు.

1908 సెప్టెంబరులో మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకుంది. తర్వాతి కాలంలో కట్టిన వంతెనలు దెబ్బతిన్నా ఇది మాత్రం నిలబడింది. ఇప్పుడు బండ్ల బరువు మోయడానికి పక్కనే మరో వంతెన ఉంది. పాతదాని మీద ఏళ్ల తరబడి కూరగాయలవాళ్లు బుట్టలు పెట్టుకుని బతికారు.

మనం పరాయి దేశంలో ఎన్నో వంతెనలకు ఇనుము కట్టాం, కాంక్రీటు పోశాం. వాటి మీద నడిచేది ఎవరో మనం చూడం. ఇబ్రహీం కూడా తన వంతెన మీదుగా వెళ్లి హైదరాబాద్‌ను చూడలేదు. ఈసారి సెలవుకి వెళితే చార్మినార్‌తో పాటు పురానాపూల్ కూడా పిల్లలకు చూపిద్దాం. ఏది ముందు, ఏది తర్వాత అన్నది కూడా చెబుదాం.