రహీం సాబ్: బడి నుంచి జకార్తా దాకా
హైదరాబాద్‌లో 1909లో జన్మించిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆటగాడిగా ఆయన పేరు నగరం దాటి పెద్దగా వినిపించలేదు; శిక్షకుడిగా మాత్రం దేశమంతటా మారుమోగింది. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పును గెలుచుకున్నది. వాటం లేని కాలితోనే బంతిని తన్నాలన్న నియమంతో ఆయన ప్రత్యేకంగా పోటీలు నిర్వహించేవారు.

ఆయన శిక్షణలో భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో, అత్యధికులు వట్టికాళ్లతో ఆడిన మన జట్టు యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తయింది. ఆ పరాభవం నేర్పిన పాఠాలే 1956లో మెల్‌బోర్న్ సెమీఫైనల్‌కు చేర్చాయనుకోవచ్చు.

ఇక 1962, జకార్తా. రహీంను అప్పటికే క్యాన్సర్ కుంగదీస్తున్నది. తలకు గాయమై కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఆయన ముందువరుసలో నిలిపారు. సాహసమే మరి! ప్రేక్షకులు మనకు వ్యతిరేకంగా హోరెత్తిస్తుండగా, ఫైనల్‌లో భారత్ 2-1తో దక్షిణ కొరియాను ఓడించింది. ఆ రెండు గోల్స్‌లో ఒకటి జర్నైల్‌దే. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు ఆ తరువాత స్వర్ణం దక్కలేదు.

1963 జూన్ 11న రహీం కన్నుమూశారు.