రుడాల్ఫ్ విర్కో మహాశయుడు

దేహముపై గడ్డ లేచినప్పుడు అది సామాన్యమైన కంతియో, ప్రాణాంతకమైన రాచపుండో కంటితో జూచి, చేతితో తడవి నిర్ణయించుట పూర్వవైద్యుల పద్ధతి. చర్మముపై మచ్చ పొడసూపినచో అది తామరయో కుష్ఠో యనుటకును వైద్యుని అనుభవమే ఆధారము. నేటి పద్ధతి వేరు. సందేహాస్పదమైన చోటినుండి చిన్న ముక్కను కోసి, ఫార్మలినులో నానవేసి, మైనములో పొదిగి, వెంట్రుకకన్న ఎన్నో రెట్లు పలుచనగు పొరలుగా తరిగి, గాజుపలకపై నుంచి రంగులద్ది సూక్ష్మదర్శనిలో పరీక్షింతురు. హిమటాక్సిలిన్ అను రంగు కణముల నడిమి బీజములను నీలివన్నెగను, ఇయోసిన్ అను రంగు తక్కిన భాగమును గులాబివన్నెగను జూపును. ఈ రంగులు విర్కో కనిపెట్టినవి కావు. కాని ఆ పొరలలో వెదకవలసిన దేమో, కనబడినదాని కర్థమేమో లోకమునకు బోధించినవారిలో అగ్రగణ్యుడు ఆయనయే.

విర్కో 1821 అక్టోబరు 13వ తేదీన ప్రష్యా రాజ్యమందలి పొమరేనియాలో ఒక చిన్న పట్టణమున సామాన్య కుటుంబమున జన్మించెను. తండ్రి సేద్యము చేయుచు పట్టణ కోశాధికారిగా నుండెను. బెర్లిన్ నగరమున సైనిక వైద్యవిద్యాలయములో చదివి 1843లో వైద్యపట్టము నందెను. 1845లో, రక్తమున తెల్లకణములు మితిమీరి పెరుగు వ్యాధిని వర్ణించి, 1847లో దానికి లుకేమియా యని నామకరణము చేసెను. ఆ పేరే నేటికిని నిలిచియున్నది.

1848లో ఎగువ సైలీషియా మండలమున టైఫస్ జ్వరము ప్రబలి వేలకొలది పేదలను పొట్టబెట్టుకొనెను. కారణము విచారింప ప్రభుత్వము విర్కోను పంపెను. ఆ ప్రజలు పోలిష్ భాష మాటలాడువారు. పాలకుల భాష జర్మను. ఆకలి, అజ్ఞానము, ఇరుకు గుడిసెలు, ప్రజల గోడు వినని పరిపాలన ఇవియే రోగమునకు మూలములని ఆయన నిర్భయముగా నివేదించెను. మందులకన్న ముందు స్వాతంత్ర్యము, విద్య, మాతృభాషకు గౌరవము, కడుపునిండ తిండి కావలెనని సిఫారసు చేసెను. మందుల జాబితాను ఆశించిన ప్రభుత్వమున కిది రుచించునా? ఆ మార్చి నెలలోనే బెర్లిన్ విప్లవము చెలరేగగా విర్కో ప్రజల పక్షమున నిలిచెను. ఫలితముగా మరుసటి యేట ఆయన తన యుద్యోగమును కోల్పోవలసివచ్చెను.

వుర్ట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయము ఆయనకు ఆశ్రయ మొసంగెను. ఏడేండ్ల పిమ్మట, 1856లో, బెర్లిన్ నగరమే ఆయనకొరకు నూతన పరిశోధనాలయమును గట్టించి మరల పిలిచెను. 1858లో అచట నిచ్చిన ఉపన్యాసములలో, ప్రతి కణమును మరియొక కణమునుండియే పుట్టుననియు, రోగమనగా కణముల వికారమే యనియు ఆయన ప్రతిపాదించెను. కణము కణమునుండి పుట్టునను మాట రాబర్ట్ రేమాక్ అను పండితుడు అంతకుముందే చెప్పియుండెను. ఆ కీర్తిలో ఆయనకును భాగము గలదు. దానిని రోగనిర్ణయమునకు పునాదిరాయిగా నిలిపినవాడు మాత్రము విర్కో. గడ్డ యనునది బయటినుండి వచ్చిపడిన భూతము కాదు, మన కణములే దారితప్పి పెరిగిన పెరుగుదల యని నాటినుండి తేటపడెను.

1859లో నార్వే ప్రభుత్వము ఆహ్వానింపగా ఆయన యేగి కుష్ఠువ్యాధిని పరిశీలించెను. రోగుల చర్మపు బొడిపెలలో నురుగువంటి పదార్థముతో నుబ్బిన పెద్దకణములను వర్ణించెను. అవి నేటికిని విర్కో కణములని పిలువబడుచున్నవి. అయితే వానిలో దాగిన సూక్ష్మజీవిని గుర్తించు భాగ్యము నార్వే వైద్యుడగు హాన్సెనుకు 1873లో దక్కెను. రోగములకు సూక్ష్మజీవులే కారణమను వాదమును విర్కో చాలకాలము సందేహించెను. మహనీయుల దృష్టికిని హద్దులుండును.

ఆయన జీవితమున మిక్కిలి బాధాకరమైన ఘట్టము 1887లో సంభవించెను. జర్మను యువరాజు ఫ్రెడరిక్ కంఠమున గడ్డ పుట్టెను. అది రాచపుండేయని జర్మను వైద్యులు తలచి శస్త్రచికిత్సకు సిద్ధపడిరి. ఇంగ్లండునుండి వచ్చిన మెకంజీ అను వైద్యుడు అందులో చిన్న ముక్కను తీసి విర్కోకు పంపెను. విర్కో పరీక్షించి, ఆ ముక్కలో రాచపుండు లక్షణములు లేవని తెలిపెను. శస్త్రచికిత్స ఆగిపోయెను. 1888 మార్చిలో ఫ్రెడరిక్ చక్రవర్తియై, తొంబదితొమ్మిది దినములు మాత్రమే ఏలి, జూన్ 15న గతించెను. మృతదేహ పరీక్షలో రాచపుండు రూఢియయ్యెను. ఆ పరీక్ష చేసినవారిలో విర్కోయు నొకడు. ఉదారుడని పేరొందిన ప్రభువుతో బాటు ఎందరి యాశలో సమాధియయ్యెను. ఇందు సూక్ష్మదర్శని అబద్ధమాడలేదు. తనకు జూపిన ముక్కనుగూర్చియే అది చెప్పెను. ఎచటినుండి, ఎంత లోతునుండి ముక్క తీయవలెనో యెరుగనిచో, ఎంత గొప్ప పరీక్షయైనను దారితప్పించునని వైద్యలోకము నేర్చుకొనెను.

విర్కో పరిశోధనాలయమునకే అంకితమైనవాడు కాడు. బెర్లిన్ నగరసభలో 1859 మొదలు మరణపర్యంతము సభ్యుడై మురుగుకాలువల నిర్మాణమునకును, మాంసపరీక్షకును పాటుపడెను. శాసనసభలో బిస్మార్కు విధానములను ఎదిరించెను. కోపించిన బిస్మార్కు 1865లో ద్వంద్వయుద్ధమునకు పిలువగా, ఆయన నిరాకరించెను.

1902 జనవరిలో ట్రాముబండి దిగుచు తొడయెముక విరుగగా, ఆ యేడే సెప్టెంబరు 5న ఎనుబదియవ యేట కాలధర్మము నొందెను. కణము చెడినచో దేహము చెడును. పల్లె చెడినచో దేశము చెడును. ఈ రెంటిని ఒక్క కంటితో జూచినవాడు విర్కో. గడ్డను జూచి భయపడి దాచుకొనక, ఆదిలోనే పరీక్ష చేయించుకొనుట వ్యక్తి ధర్మము. ఆ పరీక్ష పేదవాని గడపకును అందునట్లు చూచుట సంఘధర్మము. ఆయనకు మనము చెల్లింపదగిన నివాళి యిదియే.